ఇంగ్లిష్‌లో మీటరు రాసేటప్పుడు ఆర్ ముందా, ఈ ముందా?

తెలుగులో రాసినంతసేపూ మనకి ఈ బెడద లేదు. పొడవు కొలిచేదీ మీటరే, గోడకి బిగించి కరెంటు లెక్కపెట్టేదీ మీటరే. లీటరు అన్నామంటే లీటరే, స్పెల్లింగు ఎవరూ అడగరు. అదే మాట ఇంగ్లిష్ రిపోర్టులోనో, మాన్యువల్‌లోనో, పరిశోధన పత్రంలోనో టైపు చెయ్యాల్సి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఎం-ఈ-టీ దాకా బాగానే వెళ్తాం. ఆ తర్వాత ఆర్-ఈ నా, ఈ-ఆర్ నా?

చదవడానికి వీలుగా రెండు పొట్టిపేర్లు పెట్టుకుందాం. ఎం-ఈ-టీ-ఆర్-ఈ అని రాసే అంతర్జాతీయ పద్ధతిని ఆర్ఈ అందాం. ఎం-ఈ-టీ-ఈ-ఆర్ అని రాసే అమెరికన్ పద్ధతిని ఈఆర్ అందాం. లీటరుకీ ఇదే వరస. రెండూ ఒప్పే. తప్పు ఎక్కడ వస్తుందంటే, ఒకే కాగితంలో రెండూ కలిపేసినప్పుడు, ఇంకా ఎక్కువగా, మార్చకూడని మాటల్ని కూడా మార్చేసినప్పుడు. నేను ఈ రెండు తప్పులూ చేశాను. రెండోది ఎలా చేశానో కాసేపట్లో చెబుతాను.

ముందు ఎవరు చదువుతారో తేల్చుకోండి

టైపు చెయ్యడం మొదలుపెట్టకముందే చెయ్యాల్సిన పని ఇది. అమెరికా కంపెనీకో, అమెరికన్ పత్రికకో, అమెరికా ప్రభుత్వ శాఖకో వెళ్లే కాగితమైతే ఈఆర్. బ్రిటన్, ఐర్లాండ్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, భారతదేశం, వీటిలో ఎక్కడికి వెళ్లినా ఆర్ఈ. ఫిలిప్పీన్స్‌లో అమెరికన్ ఇంగ్లిష్ నడుస్తుంది కాబట్టి అక్కడా ఈఆరే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణాలకి సంబంధించిన పత్రమైతే ఆర్ఈ. పత్రికకో ప్రచురణ సంస్థకో పంపుతుంటే వాళ్ల రచయితల సూచనలు ఒకసారి తెరిచి చూడండి. అందులో ఏముంటే అదే, మన ఇష్టంతో పని లేదు.

ఎవరు చదువుతారో తెలియకపోతే ఒక తేలిక దారి ఉంది. మీ కాగితంలో మిగతా ఇంగ్లిష్ ఎటు ఉందో చూడండి. కలర్‌లో యూ వేసి, సెంటర్ చివర ఆర్-ఈ రాసే మనిషైతే మీటరుకీ ఆర్ఈ. యూ తీసేసి, సెంటర్‌ని ఈ-ఆర్‌తో ముగించే అలవాటుంటే మీటరూ ఈఆరే. కలర్ బ్రిటిష్, మీటర్ అమెరికన్ అయితే చదివేవాడికి పంటికింద రాయిలా తగులుతుంది.

ఇంతకీ ఈ రెండు దారులు ఎక్కడ చీలాయి? మెట్రిక్ పద్ధతి పుట్టింది ఫ్రాన్స్‌లో, 1790లలో. గ్రీకులో కొలతకి వాడే 'మెట్రాన్' నుంచి ఫ్రెంచివాళ్లు తమ మాట చేసుకున్నారు, దాని చివర ఆర్-ఈ ఉంది. బ్రిటిష్ ఇంగ్లిష్ దాన్ని అలాగే ఉంచుకుంది. అమెరికాలో అప్పటికే నోవా వెబ్‌స్టర్ ఇంగ్లిష్ స్పెల్లింగుని పలికే తీరుకి దగ్గర చెయ్యాలని పట్టుబట్టి ఉన్నాడు. 1828లో వచ్చిన ఆయన నిఘంటువు సెంటర్, థియేటర్ లాంటి మాటల్ని ఈ-ఆర్ బాట పట్టించింది. మీటరు, లీటరు కూడా ఆ బాటలోనే నడిచాయి.

ఇప్పటికీ అధికారికంగా రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. పారిస్ పక్కన సేవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థ బీఐపీఎం, ఎస్ఐ (ఇప్పటి అంతర్జాతీయ మెట్రిక్) పద్ధతి మీద ఒక బ్రోషర్ వేస్తుంది. దాని 9వ కూర్పు 2019లో వచ్చింది. అధికారిక పాఠం ఫ్రెంచ్. ఇంగ్లిష్ పాఠం ఆర్ఈలో ఉంటుంది. ఇంగ్లిష్ మాట్లాడే దేశాల మధ్య చిన్న చిన్న స్పెల్లింగు తేడాలున్నాయని ఆ బ్రోషరే ఒప్పుకుని, తాము ఐఎస్ఓ, విద్యుత్ రంగపు ప్రమాణాల సంస్థ ఐఈసీ కలిసి వేసిన 80000 నంబరు ప్రమాణాల వరసని అనుసరిస్తున్నామని చెబుతుంది. అదే బ్రోషర్‌ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన స్పెషల్ పబ్లికేషన్ 330గా మళ్లీ వేస్తుంది, ఈసారి ఈఆర్‌లో. కాబట్టి ఎవరైనా 'అసలు స్పెల్లింగు ఇదే' అని మీతో వాదనకి దిగితే, ఏ దేశపు కాపీ చూశారో అడగండి.

మారే మాటలు ఎన్నో లెక్కపెట్టుకోండి

వినడానికి పెద్ద చిక్కులా ఉంటుంది కానీ మారే మాటలు చాలా తక్కువ. మీటరు, లీటరు, వాటి పిల్లలు: కిలోమీటరు, సెంటీమీటరు, మిల్లీమీటరు, నానోమీటరు, మిల్లీలీటరు వగైరా. పదిరెట్లు అని చెప్పే 'డెకా' ఉపసర్గ: అంతర్జాతీయ పద్ధతిలో మధ్యలో సీ, అమెరికాలో కే. గుర్తు మాత్రం ఇద్దరికీ డీ-ఏ నే. ఆపైన టన్ను, దాని కథ వేరే ఉంది. సెకను, ఆంపియర్, కెల్విన్, న్యూటన్, పాస్కల్, వాట్, ఇవేవీ మారవు.

గ్రాము గురించి ఒక్క మాట. పాత బ్రిటిష్ పుస్తకాల్లో గ్రాము చివర ఇంకో ఎం, ఒక ఈ తగిలించి రాసేవారు. ఇప్పుడు అంతర్జాతీయ పద్ధతిలోనూ అది లేదు. జీ-ఆర్-ఏ-ఎం, అంతే. అంతర్జాతీయం కదా అని కిలోగ్రాముకి ఆ పాత తోక తగిలించకండి.

మారకూడని మాటలు అంతకంటే ముఖ్యం

అసలు గొయ్యి ఇక్కడ ఉంది. అమెరికన్‌కి ఇది గొయ్యి కాదు, వాళ్లకి అన్నీ ఈఆరే. ఆర్ఈ పద్ధతిలో రాసేవాళ్లే ఇందులో పడతారు. మీటరు అనే ఒక్క మాటలో రెండు పనులూ నడిపే భాషలో ఆలోచించే మనం ఇంకాస్త తొందరగా పడతాం.

ఆర్ఈ పద్ధతిలో పొడవు కొలత పేరు మాత్రమే ఆర్-ఈ తో ముగుస్తుంది. కొలిచే పరికరం ఎప్పుడూ ఈ-ఆరే. థర్మామీటర్, బారోమీటర్, వోల్ట్‌మీటర్, స్పీడోమీటర్, పార్కింగ్ మీటర్, గ్యాస్ మీటర్, ఫ్లో మీటర్, ఇవన్నీ లండన్‌లో అయినా న్యూయార్క్‌లో అయినా ఒకే స్పెల్లింగు. 'మీటర్డ్' అని క్రియగా వాడినా అంతే. కొలత కాని, పరికరం కూడా కాని ఇంకో గుంపు ఉంది: డయామీటర్, పెరిమీటర్, పారామీటర్. ఇవీ ఎక్కడైనా ఈ-ఆరే.

ఒక వాక్యం దగ్గరగా చూద్దాం. 'ఆ నీటి మీటరు 12 క్యూబిక్ మీటర్లు చూపించింది.' తెలుగులో రెండుసార్లూ ఒకే మాట. దీన్నే అంతర్జాతీయ ఇంగ్లిష్‌లో రాస్తే మొదటి మీటరు ఈ-ఆర్, రెండోది ఆర్-ఈ. రెండు స్పెల్లింగులూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉండటం చూసి, ఇదేదో పొరపాటు అనుకుని సరిదిద్దబోయే సహోద్యోగి ప్రతి ఆఫీసులోనూ ఒకరు ఉంటారు. వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

మైక్రోమీటర్ ఇంకా తమాషా. మీటరులో పదిలక్షల వంతు అనే అర్థంలో అయితే ఆర్ఈ. సన్నటి తీగ మందం చూసే స్క్రూ గేజ్ అయితే ఈఆర్. పలకడంలోనూ తేడా ఉంది: కొలతని 'మైక్రో' మీద ఆగి 'మీటర్' అంటారు, పరికరాన్ని 'మైక్రామిటర్' అని 'క్రా' మీద ఒత్తి పలుకుతారు. అమెరికన్ స్పెల్లింగులో రెండూ ఒకటే కాబట్టి అక్కడ సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. మీరు ఈఆర్‌లో రాస్తూ ఒకే పేరాలో రెండూ వస్తుంటే, పరికరానికి మైక్రోమీటర్ కాలిపర్ అనీ, కొలతకి మ్యూ-ఎం గుర్తునీ వాడండి, గొడవ తీరిపోతుంది. పాత అలవాటుగా మైక్రాన్ అని రాసేవాళ్లున్నారు. ఆ పేరుని 1967-68 నాటి తూనికలు కొలతల మహాసభే పక్కన పెట్టేసింది.

సాహిత్యం వైపు ఉన్నవాళ్లకి ఇంకో మెలిక. ఛందస్సు అనే అర్థంలో బ్రిటిష్ వాళ్లు ఆర్-ఈ రాస్తారు. కానీ ఆ ఛందస్సులోని పెంటామీటర్, హెక్సామీటర్ మాత్రం ఈ-ఆర్. ఎందుకని అడగొద్దు, ఇంగ్లిష్ స్పెల్లింగుని అలా అడిగినవాళ్లెవరూ సుఖపడలేదు.

ఒక్క దెబ్బతో అన్నీ మార్చే బటన్ నొక్కకండి

ఇప్పుడు నా కథ. అమెరికన్ స్పెల్లింగులో ఉన్న ఒక పరికరాల మాన్యువల్‌ని అంతర్జాతీయ పద్ధతిలోకి మార్చమన్నారు. సాయంత్రం లోపు కావాలన్నారు. ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచాను. ఈఆర్ మీటర్ స్థానంలో ఆర్ఈ మీటర్, రీప్లేస్ ఆల్. ఈఆర్ లీటర్ స్థానంలో ఆర్ఈ లీటర్, రీప్లేస్ ఆల్. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. స్పెల్ చెక్ అంతకుముందే విసుగొచ్చి ఆపేసి ఉన్నాను. పంపేశాను.

మర్నాడు వచ్చిన జవాబులో ఒకే ఒక ప్రశ్న: ఈ 'ఫ్లో మెట్రే' అనేది ఫ్రెంచి పరికరమా? తెరిచి చూస్తే ఆ ఫైలులో ప్రతి థర్మామీటరూ, ప్రతి పారామీటరూ ఆర్-ఈ తోక తగిలించుకుని కూర్చుంది. ఇంకా ఘోరం లీటరు వైపు జరిగింది. ఇంగ్లిష్‌లో లిటరేచర్ అనే మాట మొదటి అయిదు అక్షరాలూ అమెరికన్ లీటరే కదా. 'లిటరేచర్ రివ్యూ' అనే శీర్షిక ఎల్-ఐ-టీ-ఆర్-ఈ-ఏ-టీ-యూ-ఆర్-ఈ అయిపోయింది. లిటరల్, లిటరసీ, ఆబ్లిటరేట్, అన్నిటికీ అదే గతి. చివరికి శ్మశానాన్ని కూడా వదల్లేదు: సెమెటరీ మాట మధ్యలో ఎం-ఈ-టీ-ఈ-ఆర్ దాక్కుని ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఎదురుదిశలో, అంటే ఆర్ఈ నుంచి ఈఆర్‌కి మార్చడం చాలావరకు క్షేమం. ఎందుకంటే ఇంగ్లిష్‌లో ఎం-ఈ-టీ-ఆర్-ఈ వరస కొలతల బయట దాదాపు తగలదు. అయినా పాత గ్రాము తోక తీసేద్దామని జీ-ఆర్-ఏ-ఎం-ఎం-ఈ ని గుడ్డిగా మార్చారో, ప్రోగ్రామర్ కాస్తా 'ప్రోగ్రామ్‌ఆర్' అయి కూర్చుంటాడు. డెకాలోని సీ ని కే చేస్తే డెకేడ్ పాడవుతుంది.

కాబట్టి ఇలా చెయ్యండి. వెతికే పెట్టెలో 'ఫైండ్ హోల్ వర్డ్స్ ఓన్లీ' అనే గడి టిక్ పెట్టండి. దీనివల్ల పూర్తి మాట దొరికితేనే మారుతుంది, మాటల కడుపులో ఉన్న ముక్కలు మారవు. అయితే అప్పుడు కిలోమీటరు కూడా దొరకదు కాబట్టి ఒక్కో మాటనీ విడిగా వెతకాలి: మీటరు, మీటర్లు, కిలోమీటరు, కిలోమీటర్లు, సెంటీ, మిల్లీ, మైక్రో, నానో, అలాగే లీటరు, మిల్లీలీటరు. ఏకవచనం, బహువచనం రెండూ. అన్నీ కలిపి పదహారు వెతుకులాటలు, పది నిమిషాల పని. కిలోమీటరు, సెంటీమీటరు, మిల్లీలీటరు లాంటివి రీప్లేస్ ఆల్ కొట్టినా ప్రమాదం లేదు, ఆ పేర్లతో పరికరాలు లేవు. ఒంటరి మీటరు, మైక్రోమీటరు, ఈ రెండిటికి మాత్రం ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లండి. ఫ్లో మీటర్, గ్యాస్ మీటర్ రెండు మాటలుగా ఉంటాయి కాబట్టి టిక్ పెట్టినా అవి వలలో పడతాయి.

స్పెల్ చెక్ భాషని కూడా ఇంగ్లిష్ యూకే అనో, ఇంగ్లిష్ యూఎస్ అనో మార్చుకోండి. అమెరికన్ సెట్టింగులో ఆర్ఈ లీటరు కింద ఎర్రగీత వస్తుంది. కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి. యూకే సెట్టింగులో ఈఆర్ మీటరు పరికరం పేరుగా సరైన మాటే కదా, అందుకని గీత పడదు. '5 మీటర్ల తాడు' అని ఈఆర్‌లో రాసినా అది నోరెత్తదు. అక్కడ మీ కన్నే దిక్కు.

కొన్నిటిని వలలోంచి ముందే బయటికి తియ్యండి: ఇతరుల నుంచి యథాతథంగా తీసుకున్న వాక్యాలు, పుస్తకాల పేర్లు, సంస్థల పేర్లు, వెబ్ చిరునామాలు, ఫైళ్ల పేర్లు. ఎదుటివాడు ఈఆర్ రాస్తే కొటేషన్ గుర్తుల మధ్య ఈఆరే ఉండాలి. ప్రోగ్రామింగ్ కోడ్ సంగతీ అంతే. జావాస్క్రిప్ట్‌లో అంకెలకి కొలత పేరు తగిలించే సౌకర్యం ఉంది, దానికి ఇచ్చే పేరు అమెరికన్ స్పెల్లింగులోనే ఉండాలి. భాష బ్రిటిష్ ఇంగ్లిష్ అని చెబితే తెర మీద చూపించేటప్పుడు అదే ఆర్ఈ లీటర్లుగా మార్చి చూపిస్తుంది. లోపలి పేరుని మీరు 'సరిదిద్దితే' ప్రోగ్రాం ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది.

టన్ను దగ్గర స్పెల్లింగు చూడకండి, బరువు చూడండి

ఇప్పటిదాకా చెప్పినవాటిలో తప్పు చేస్తే నవ్వుతారంతే. ఇక్కడ తప్పు చేస్తే డబ్బు పోతుంది. 1000 కిలోగ్రాముల టన్నుని అంతర్జాతీయ ఇంగ్లిష్‌లో టీ-ఓ-ఎన్-ఎన్-ఈ అని రాస్తారు. అమెరికాలో దానికి పేరు మెట్రిక్ టన్. ఉత్తినే టీ-ఓ-ఎన్ అని రాస్తే అమెరికన్‌కి అర్థమయ్యేది 2000 పౌండ్లు, అంటే దాదాపు 907 కిలోలు. పాత బ్రిటిష్ లాంగ్ టన్ 2240 పౌండ్లు, సుమారు 1016 కిలోలు. తెలుగులో మూడూ టన్నే, ఇంగ్లిష్‌లో పలికినా చెవికి తేడా తెలియదు.

కాబట్టి ఆర్ఈ కాగితాన్ని అమెరికన్‌లోకి మార్చేటప్పుడు చివరి ఎన్-ఈ తీసేసి స్పెల్లింగు మార్చేశాం అనుకోకండి. 50 మెట్రిక్ టన్నులు అలా 50 అమెరికన్ టన్నులుగా చదివితే 4,640 కిలోల పైచిలుకు మాయమవుతాయి. మెట్రిక్ టన్ అని రెండు మాటలూ రాయండి. ఎదురుదిశలో వస్తుంటే, అంటే అమెరికన్ కాగితంలో ఒంటరి టన్ కనిపిస్తే, అది ఏ టన్నో రాసినవాళ్లని అడిగి తెలుసుకున్నాకే ముట్టుకోండి. దీనికి ఊహ పనికిరాదు. గుర్తు వాడేటట్లయితే స్మాల్ టీ. క్యాపిటల్ ఎం, క్యాపిటల్ టీ కలిపి రాసే అలవాటు వ్యాపారపు కాగితాల్లో ఉంది కానీ, ఎస్ఐ లెక్కన దానర్థం మెగాటెస్లా, అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది.

గుర్తు రాయగలిగిన చోట పేరు రాయకండి

ఇంత తలనొప్పి ఎందుకు అనుకుంటే సులువైన దారి ఇదే. పేర్లు భాష భాషకీ మారతాయి, గుర్తులు మారవు. మీటరుకి స్మాల్ ఎం, కిలోమీటరుకి స్మాల్ కే, స్మాల్ ఎం, కిలోగ్రాముకి స్మాల్ కే, స్మాల్ జీ. అమెరికాలో అయినా ఆస్ట్రేలియాలో అయినా అంతే. పట్టికల్లో, బొమ్మల్లో, అంకె పక్కన వచ్చే ప్రతిచోటా గుర్తే వేస్తే స్పెల్లింగు ప్రశ్న ముప్పాతిక వంతు మాయమవుతుంది. అంకెకీ గుర్తుకీ మధ్య ఒక ఖాళీ ఉండాలి. గుర్తు తర్వాత చుక్క పెట్టకూడదు, వాక్యం అక్కడ ముగిస్తే తప్ప. బహువచనానికి ఎస్ తగిలించకూడదు. కేజీల చివర ఎస్, మీటర్లకి ఎంటీఆర్ఎస్, గ్రాములకి జీఎంఎస్, ఇవేవీ ఏ పద్ధతిలోనూ లేవు. కే ని క్యాపిటల్ చేస్తే అది కెల్విన్.

మన తెలుగు పొట్టి అక్షరాలకి ఇంకో జాగ్రత్త కావాలి. మి. అంటే మిల్లీ, మీ. అంటే మీటరు. గుడి, గుడిదీర్ఘం తేడాకి వెయ్యి రెట్లు తేడా. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ కంటే ఇక్కడే నా వేలు ఎక్కువసార్లు జారింది.

గుర్తుల్లోనూ ఒక్కచోట అమెరికా వేరుగా ఉంటుంది, అది లీటరు. 1879లో స్మాల్ ఎల్ అని నిర్ణయించారు. కానీ అచ్చులో స్మాల్ ఎల్‌కీ 1 అంకెకీ పోలిక ఎక్కువ. 1 లీటరు రాస్తే 11లా కనిపిస్తుంది. అందుకని 1979లో 16వ మహాసభ క్యాపిటల్ ఎల్‌ని కూడా అనుమతించింది. అమెరికాలో క్యాపిటలే వాడమంటారు. మిగతాచోట్ల రెండూ చెల్లుతాయి, ఏదో ఒకటి పట్టుకుని కాగితం చివరిదాకా వదలకండి. మనుషుల పేర్ల మీద వచ్చిన కొలతలకే క్యాపిటల్ అనేది మామూలు నియమం. న్యూటన్, పాస్కల్ పేర్లని స్మాల్ అక్షరాలతో రాసినా గుర్తులు క్యాపిటల్ అయ్యేది అందుకే. మరి లీటరుకి ఏ మనిషి? ఆ లోటు తీర్చడానికి 1978లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ వూల్నర్, క్లోద్ ఎమిల్ జాన్ బాప్టిస్ట్ లిత్ర్ అనే ఫ్రెంచి పెద్దమనిషిని పుట్టించి, జీవితచరిత్ర రాసి, ఒక రసాయనశాస్త్ర పత్రిక ఏప్రిల్ సంచికలో సరదాగా వేయించాడు. నిజమని నమ్మినవాళ్లూ ఉన్నారు. అసలు లీటరు పేరు లిత్రాన్ అనే పాత ఫ్రెంచి కొలత నుంచి వచ్చింది.

పంపేముందు ఒక్క వెతుకులాట

పని అయిపోయాక ఈసారి టిక్ తీసేసి, ఎం-ఈ-టీ-ఈ-ఆర్ అని కొట్టి వెతకండి. రీప్లేస్ జోలికి వెళ్లకుండా, తర్వాతిది, తర్వాతిది అని నొక్కుకుంటూ వెళ్లడమే. ఆర్ఈ కాగితమైతే తగిలే ప్రతి మాటా పరికరమో, డయామీటర్ లాంటిదో అయి ఉండాలి. కొటేషన్లూ పేర్లూ కాకుండా కొలత పేరు ఒక్కటి కనిపించినా అది మిగిలిపోయిన తప్పు. తర్వాత ఎం-ఈ-టీ-ఆర్-ఈ కొట్టి, ఏ థర్మామీటరైనా తోక మార్చుకుందేమో చూడండి. ఈఆర్ కాగితమైతే ఈ రెండో వెతుకులాట ఒక్కటే చాలు, కొటేషన్లూ పేర్లూ తప్ప ఏమీ దొరక్కూడదు. మధ్యలో శ్మశానం ఒకటి తగిలితే కదపకుండా ముందుకి వెళ్లిపోండి.